నాడీ తంతువునకు దారి చూపునదేది?

కాలిలో ముల్లు గ్రుచ్చుకొనిన క్షణముననే మనము కాలు వెనుకకు తీసికొందుము. ముల్లు గ్రుచ్చుకొనిన వార్తను మోసికొనిపోయినది ఒక సన్నని నాడీ తంతువు. ఈ తంతువు ఏ కణమునకు చెందినది? ఆ కణము పాదములో లేదు. అది వెన్నెముక ప్రక్కన, నడుము దిగువ భాగమున, చిన్న ముడివలె కనబడు ఒక కణముల గుంపులో ఉన్నది. ఈ ముడిని నాడీ సంధి అందురు. అందలి కణము మిల్లీమీటరులో ఇరువదియవ వంతు ఉండవచ్చును. కాని దాని తంతువు తొడను, పిక్కను, మడమను దాటి పాదపు చర్మమువరకు దాదాపు ఒక మీటరు పొడవున సాగియుండును. కణమును సెనగగింజంత చేసి చూడగలిగినచో, తంతువు నూరు మీటర్ల దారము వలె కనబడును. ఆ కణము యొక్క రెండవ శాఖ వెన్నుపాములో ప్రవేశించి వార్తను అచట అప్పగించును. స్పర్శ, నొప్పి, వేడి, చలి మున్నగు వానిని తెలుపు ఇట్టి తంతువులనే జ్ఞాననాడీ తంతువులందురు.

ఇంత దూరము ఆ తంతువు ఒక్కసారిగా నడచినది కాదు. తల్లి గర్భములో పిండము కొలది మిల్లీమీటర్ల పొడవున్నప్పుడే ప్రయాణము మొదలైనది. అప్పుడు కాలు ఒక చిన్న మొగ్గ మాత్రమే. తంతువు దానిని చేరిన తరువాత, శరీరము పెరుగుచుండగా తానును దానితో సాగినది. దూరము తక్కువైనను దారి సులభమైనది కాదు. ఎముక కాబోవు కణములు, కండరము కాబోవు కణములు, రక్తనాళములు, ఇతర నాడులు అన్నియు ఆ ఇరుకు చోటనే ఉన్నవి. చర్మమునకు పోవలసిన తంతువు కండరమునకు పోరాదు. వ్రేలికి పోవలసినది మోకాలివద్ద ఆగరాదు. కన్నులు లేని ఆ తంతువు తన దారిని ఎట్లు కనుగొనినది?

ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు నూరేండ్లకు పైగా సమాధానము వెదకుచున్నారు. వారి కథను గమనించినచో ఒక విషయము స్పష్టమగును. ఒక్కటే అనుకొనిన దానిని రెండుగా విడదీసి చూడగలిగిన ప్రతిసారియు ఈ శాస్త్రము ఒక అడుగు ముందుకు వేసినది.

గొలుసా, వంతెనా, మొలకా?

పందొమ్మిదవ శతాబ్దపు చివరి దినములలో, దారి చూపునదేది అను ప్రశ్నకంటె ముందు మరియొక ప్రశ్న తేలవలసియుండెను. అసలు నాడీ తంతువు ఎట్లు ఏర్పడును? దీనికి మూడు సమాధానములుండెను. దారి పొడవునను వరుసగా నిలిచిన కణములు ఒకదానితో నొకటి కలిసి గొలుసువలె తంతువుగా మారునని కొందరనిరి. విక్టర్ హెన్సెన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వేరొక ఊహ చేసెను. పిండములోని కణములు విభజన చెందునప్పుడు పూర్తిగా విడిపోవనియు, వాని నడుమ సన్నని వంతెనలు మిగిలియుండుననియు, ఆ వంతెనలే పిమ్మట నాడులగుననియు అతని మతము. ఇది నిజమైనచో దారి వెదకవలసిన అవసరమే లేదు. గమ్యముతో సంబంధము మొదటినుండియు ఉన్నదే. 1886 ప్రాంతమున విల్హెల్మ్ హిస్ ఈ రెండింటిని కాదనెను. ప్రతి తంతువును ఒకే నాడీకణమునుండి మొలకవలె బయలుదేరి, తానే పెరుగుచు గమ్యమును చేరునని అతడు వాదించెను.

ముగ్గురి వాదములకును ఆధారము ఒక్కటే. చంపిన పిండములను పలుచని పొరలుగా కోసి, రంగు వేసి సూక్ష్మదర్శినితో చూచుట. ఒకే చిత్రమును చూచి ఒకరు గొలుసు అనిరి, ఒకరు వంతెన అనిరి, ఒకరు మొలక అనిరి.

కహాల్ చూచిన శంకువు

స్పెయిన్ దేశస్థుడైన శాంటియాగో రామోన్ ఇ కహాల్ 1890లో బార్సిలోనా నగరమున కోడిపిల్ల పిండములను పరీక్షించుచుండెను. ఇటలీ శాస్త్రజ్ఞుడు కెమిల్లో గాల్జీ కనుగొనిన వెండి రంగు పద్ధతిని కహాల్ మెరుగుపరచెను. ఈ పద్ధతిలో వేలకొలది కణములలో ఏ కొన్నియో మాత్రమే నల్లబడును. కాని నల్లబడిన కణము తన కొమ్మలన్నింటితో స్పష్టముగా కనబడును. కహాల్ తెలివి ఎచట ఉన్నదనగా, ముదిరిన మెదడును వదలి లేత పిండమును ఎన్నుకొనుటలో. ముదిరిన నాడీ మండలము కీకారణ్యము. పిండములో అది ఇంకను మొలకల మడి.

ఆ మొలకల చివరలలో కహాల్ ఒక వింతను చూచెను. పెరుగుచున్న ప్రతి తంతువు కొనయందును శంకువు ఆకారముగల ఒక ఉబ్బు ఉన్నది. దానినుండి సన్నని పోగులు నలుప్రక్కలకు చాచియున్నవి. దీనికి అతడు వృద్ధి శంకువు అని పేరు పెట్టెను. కదలని చిత్రమునే చూచినను, ఆ శంకువు ప్రాణముతో నున్నప్పుడు అమీబావలె కదలుచు, ఎదుటి కణముల నడుమ తోసికొని పోవునని అతడు ఊహించెను. 1892లో మరియొక అడుగు ముందుకు వేసి, గమ్యస్థానమునుండి వెలువడు రసాయన పదార్థములు ఈ శంకువును ఆకర్షించుచుండవచ్చునని సూచించెను. తెల్ల రక్తకణములు కొన్ని పదార్థములవైపు ప్రాకుట అప్పటికే తెలిసియుండెను. నాడీ తంతువు కొనయు అట్టిదే కావచ్చునని అతని భావము.

1906లో నోబెల్ బహుమానమును గాల్జీ, కహాల్ కలిసి అందుకొనిరి. వింత ఏమనగా, ఒకే రంగు పద్ధతిని వాడిన ఈ ఇద్దరును ఏకాభిప్రాయము లేనివారే. నాడీ మండలమంతయు విడదీయరాని వల అనిన గాల్జీ, బహుమాన సందర్భమున చేసిన ఉపన్యాసములో గూడ నాడీకణములు వేరువేరను మతమును ఖండించెను. చచ్చిన కణముల చిత్రములు ఈ తగవును తీర్చలేకపోయెను.

హారిసన్ వ్రేలాడు బొట్టు

తగవు తీర్చినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు రాస్ గ్రాన్‌విల్ హారిసన్. అతని ఆలోచన సరళమైనది. నాడీకణమును దాని పరిసరములనుండి విడదీసినచో ఏమగును? గొలుసు కట్టుటకు దారిలో కణములు ఉండవు. మొదటినుండి ఉన్న వంతెనలును ఉండవు. అప్పటికిని తంతువు పుట్టినచో అది మొలకయే కావలెను.

1907లో ప్రకటించిన ప్రయోగము ఇట్లున్నది. ఇంకను నాడీ తంతువులు పుట్టని లేత కప్ప పిండమునుండి, వెన్నుపాము కాబోవు గొట్టపు ముక్కను అతడు కోసి తీసెను. పెద్ద కప్పనుండి తీసిన శోషరసపు బొట్టులో ఆ ముక్కను ఉంచెను. బొట్టు పలుచని గాజు బిళ్లమీద గడ్డకట్టగా, బిళ్లను తలక్రిందులు చేసి, నడుమ గుంటగల గాజు పలకపై నుంచి, అంచులను మైనముతో మూసివేసెను. బొట్టు గుంటలోనికి వ్రేలాడుచుండును. సూక్ష్మజీవులను పెంచుటకు వాడు పద్ధతినే అతడు ఈ పనికి వాడెను. సూక్ష్మజీవులు చొరబడి ముక్కను పాడుచేయకుండ కాపాడుటయే ఇందలి పెద్ద కష్టము.

పిమ్మట అతడు సూక్ష్మదర్శినిలో చూచుచు కూర్చుండెను. ముక్క అంచులనుండి తంతువులు శోషరసపు గడ్డలోనికి పెరిగెను. వాని కొనలలోని పోగులు చాచుచు, ముడుచుకొనుచు ముందుకు సాగుచుండెను. కహాల్ ఊహించిన కదలికను హారిసన్ కంటితో చూచెను. గొలుసు మతమును, వంతెన మతమును ఆ బొట్టులో నిలువలేకపోయెను. శరీరము వెలుపల కణజాలమును బ్రతికించి పెంచు పద్ధతికి గూడ ఈ ప్రయోగమే దారి తీసినది.

తంతువు తానే నడచుననుట తేలినది. ఇక దారి సంగతి మిగిలెను.

గురువును కాదనిన శిష్యుడు

1914లో హారిసన్ పిండకణములను సాలెగూటి పోగులపై పెంచి, అవి ఆ పోగులవెంటనే సాగుట చూపెను. వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన పాల్ వైస్ 1930ల దశకమున ఈ భావమును పెంపొందించెను. గడ్డకట్టిన ప్లాస్మాను ఒక దిక్కునకు సాగదీసినచో అందలి పోగులు ఆ దిక్కున వరుసదీరును. నాడీ తంతువులును వానివెంటనే పెరుగును. నాగటి చాలులో నీరు పారినట్లు, నాడులు తమకు దొరకిన చాలులలో సాగుననియు, రసాయనములు పిలుచుట అనవసరమైన కల్పన అనియు పెక్కురు నమ్మిరి. తంతువు ఎచటికి చేరినను సరియే, తరువాత మెదడు దాని పనిని సర్దుకొనునను అభిప్రాయము బలపడెను. కహాల్ సూచన మరుగున పడెను.

వైస్ వద్దనే డాక్టరు పట్టమునకు చదివిన రోజర్ స్పెర్రీ దీనిని పరీక్షించెను. అతడు ఎన్నుకొనినది కన్ను. కంటి లోపలి నేత్రపటలమునుండి మెదడునకు పోవు దృక్ నాడియు వార్తను లోనికి మోయునదే. న్యూట్ అనునది బల్లిని పోలిన ఒక ఉభయచరము. దాని దృక్ నాడిని కోసినను అది మరల పెరిగి మెదడును చేరును. స్పెర్రీ నాడిని కోసి, కంటిగ్రుడ్డును దాని గుంటలోనే సగము చుట్టు త్రిప్పి అమర్చెను. పైభాగము క్రిందికి, ముందుభాగము వెనుకకు పోయెను. 1943లో అతడు ఫలితమును ప్రకటించెను. నాడి మరల పెరిగెను, చూపు వచ్చెను. కాని ఎరను పైన చూపినచో ఆ జంతువు క్రిందికి పోవును. ముందు చూపినచో వెనుకకు తిరుగును. ఎంత కాలము గడచినను ఆ తప్పు సర్దుకొనలేదు.

దీని అర్థమేమి? ప్రతి తంతువును తాను నేత్రపటలములో ఏ భాగమునకు చెందినదో ఆ భాగమునకు తగిన చోటికే మెదడులో పోయి చేరినది. ఆ కలయిక జంతువునకు ఉపయోగమా, హానియా అను విచారణ దానికి లేదు. అనగా కలయికను నిర్ణయించునది వేరు, వాడుకవలన కలుగు ప్రయోజనము వేరు. 1963లో స్పెర్రీ తన సిద్ధాంతమును పూర్తిగా వివరించెను. తంతువులకును గమ్యస్థానపు కణములకును రసాయనిక గుర్తులున్నవి. గుర్తుకు తగిన గుర్తును వెదకుకొని తంతువు చేరును. శిష్యుడు గురువు మతమును కాదని, అర్ధ శతాబ్దము క్రిందటి కహాల్ ఊహకు మరల ప్రాణము పోసెను. ఆ గుర్తులలో కొన్ని చేతికి చిక్కుటకు మాత్రము చాల కాలము పట్టెను. స్పెర్రీ 1994లో మరణించెను. ఎఫ్రిన్లు అను ప్రోటీన్లు మెదడులో ఒక అంచున ఎక్కువగాను రెండవ అంచున తక్కువగాను ఉండి, నేత్రపటలపు తంతువులను వాని వాని చోట్లకు సర్దుచున్నవని 1995లో వెల్లడియయ్యెను.

పడకగదిలోని ప్రయోగశాల

ఇంతలో జ్ఞాననాడుల విషయమున వేరొక కథ నడచినది. ఇటలీలోని ట్యూరిన్ నగరమున రీటా లెవీ-మోంటాల్చీని యూదు కుటుంబమునకు చెందినది. 1938లో ముస్సోలినీ ప్రభుత్వము చేసిన జాతి శాసనములవలన ఆమె విశ్వవిద్యాలయములో పనిచేయు వీలు లేకపోయెను. ఆమె తన పడకగదిలోనే చిన్న ప్రయోగశాలను అమర్చుకొని, కోడిగ్రుడ్లలోని పిండములపై పని సాగించెను. పిండమునుండి రెక్క మొగ్గను కోసివేసినచో, దానికి పోవలసిన నాడీకణములు తగ్గిపోవునని విక్టర్ హాంబర్గర్ అంతకుముందే వ్రాసియుండెను. ఆ కణములు అసలు పుట్టకపోవుట కాదనియు, పుట్టి, తంతువులను చాచి, పిమ్మట చచ్చిపోవుచున్నవనియు ఆమె గ్రహించెను.

1947లో హాంబర్గర్ ఆమెను అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు ఆహ్వానించెను. మరుసటి సంవత్సరము ఎల్మర్ బ్యూకర్, ఎలుక కణితి ముక్కను కోడి పిండమునకు అంటుకట్టగా జ్ఞాననాడీ తంతువులు ఆ కణితిలోనికి విరివిగా పెరిగినవని ప్రకటించెను. 1952లో లెవీ-మోంటాల్చీని కణితిగల ఎలుకలను వెంటబెట్టుకొని బ్రెజిల్ దేశపు రియో డి జనీరోకు పోయి, అచట హెర్తా మేయర్ ప్రయోగశాలలో నాడీ సంధిని కణితి ముక్క ప్రక్కన పెంచెను. ఒక దినములోగా నాడీ సంధి చుట్టును తంతువులు సూర్యకిరణములవలె విరిసెను. స్టాన్లీ కోహెన్ ఆ పదార్థమును వేరుచేయుటకు పూనుకొని, అది పాము విషములోను, మగ చిట్టెలుక లాలాజల గ్రంథిలోను సమృద్ధిగా ఉన్నదని కనుగొనెను. దానికి నాడీవృద్ధి కారకమని పేరు వచ్చెను. 1986లో వీరిద్దరికి నోబెల్ బహుమానము లభించెను.

ఇక సమాధానము దొరకినట్లే అని తోచెను. గమ్యస్థానము ఈ కారకమును వెదజల్లును. తంతువు ఆ వాసన పట్టి వచ్చును. 1979లో గండర్సన్, బారెట్ అనువారు సన్నని గాజు గొట్టమునుండి ఈ కారకమును వదలగా, కోడిపిల్ల జ్ఞాననాడీ తంతువుల శంకువులు గొట్టమువైపునకు తిరుగుట కంటితో చూచిరి. ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

పోషించునది వేరు, పిలుచునది వేరు

గాజు పళ్లెములో ఒక పదార్థము దారి చూపగలుగుట వేరు. పిండములో ఆ పదార్థమే దారి చూపుచుండుట వేరు. ఈ రెండింటిని విడదీసినవారు లండన్ నగరమున పనిచేసిన ఆండ్రూ లమ్స్‌డెన్, ఆలన్ డేవిస్. వారు చిట్టెలుక పిండమును ఎన్నుకొనిరి. చిట్టెలుక మీసములు దానికి చేతివ్రేళ్ల వంటివి. అవి మొలచు చర్మమునకు త్రిధార నాడి సంధినుండి జ్ఞాన తంతువులు దట్టముగా పోవును. తంతువులు బయలుదేరకముందే ఆ సంధిని తీసి, మీసములు రాబోవు చర్మపు పొరను దాని ప్రక్కన కొంత దూరములో, మెత్తని జిగురువంటి కొల్లాజెన్‌లో ఉంచిరి. తంతువులు ఆ పొరవైపే పెరిగెను. వేరొక భాగపు చర్మపు పొర వానిని అట్లు ఆకర్షింపలేదు.

పిమ్మట వారు ముఖ్యమైన పరీక్ష చేసిరి. నాడీవృద్ధి కారకమును పనిచేయనీయని ప్రతిదేహములను కలిపి చూచిరి. అప్పటికిని తంతువులు గమ్యమువైపే పోయెను. 1983లో ఈ ఫలితము వెలువడెను. 1987లో డేవిస్, అతని సహచరులు మరియొక సంగతిని తెలిపిరి. చర్మములో ఈ కారకము తయారగుట మొదలగునది తంతువులు వచ్చి చేరునప్పుడే, అంతకుముందు కాదు. ఇంకను పుట్టని దీపము బాటసారికి దారి చూపజాలదు కదా! నాడీవృద్ధి కారకము వచ్చిన తంతువును పోషించునది. మొదట పిలిచినది వేరొకటి.

ఆ పిలుపు ఎవరిది? 1999లో ఒకానొొక పరిశోధన, అదే కుటుంబమునకు చెందిన మరి రెండు ప్రోటీన్లు ఆ చర్మపు పొరనుండి వెలువడి తంతువులను ఆకర్షించుచున్నవని చూపెను. అయినను ఆ రెండును లేని చిట్టెలుకలలో గూడ తంతువులు మొదట సరియైన దారినే పట్టుచుండెను. పిండము ఒక్క దీపముపై ఆధారపడి లేదు.

త్రోసివేయు గుర్తులు, నడచి చూపు తంతువులు

అంతవరకు అందరును ఆకర్షణను గూర్చియే ఆలోచించిరి. 1993లో జోనాథన్ రేపర్, అతని సహచరులు కోడి మెదడునుండి దానికి విరుద్ధమగు పదార్థమును వేరుచేసిరి. అది తగిలినంతనే జ్ఞాననాడుల వృద్ధి శంకువు, తాకిన అత్తిపత్తివలె ముడుచుకొనిపోవును. అదియు, దాని బంధువులైన ప్రోటీన్లును నేడు సెమాఫోరిన్లు అనబడుచున్నవి. 1997లో ఈ పదార్థమును చేయు జన్యువు లేని చిట్టెలుకలను జపాను శాస్త్రజ్ఞులు పరిశీలింపగా, వాని పిండములలో నాడులు కట్టలుగా నిలువక కట్టుతప్పి అడ్డదిడ్డముగా చెదరియుండెను. పొలమునకు నీరు పారుటకు కాలువ ఎంత అవసరమో గట్టును అంత అవసరము.

మిడుత పిండములు మరియొక ఉపాయమును చూపెను. మిడుత కాలు ఇంకను చిన్న మొగ్గగా నున్నప్పుడు, దాని కొనయందు పుట్టిన రెండు జ్ఞానకణములు కాలి మొదటివైపునకు తంతువులను పంపును. దారిలో అచ్చటచ్చట మైలురాళ్లవంటి కణములున్నవి. ఒకదానినుండి మరియొకదానికి అవి సాగును. 1983లో బెంట్లీ, కాడీ అనువారు అట్టి మైలురాయి కణములను నాశనము చేయగా తంతువులు దారి తప్పెను. తరువాత పుట్టు తంతువులకు ఇంత శ్రమ లేదు. ముందు నడచినవారి జాడనే అవి పట్టుకొనిపోవును.

వెన్నుపాములోపల, నొప్పి వార్తను జ్ఞాననాడినుండి అందుకొని రెండవ ప్రక్కకు దాటించు కణములున్నవి. వాని తంతువులను ఆకర్షించు ప్రోటీనును మార్క్ టెస్సియే-లవీన్, అతని సహచరులు 1994లో ప్రకటించిరి. దానిని కొద్దిగా సేకరించుటకే ఇరువదియైదు వేల కోడి పిండముల మెదళ్లు కావలసివచ్చెను. దానికి వారు పెట్టిన పేరు నెట్రిన్. ఇది దారి చూపువాడు అను అర్థముగల సంస్కృత పదము ‘నేతృ’ నుండి వచ్చినది. మనము నిత్యము వాడు ‘నేత’ అను మాటయు అదియే. గొట్టపు అడుగునుండి వెలువడి దూరమునుండియే ఇది పిలుచునని చాల కాలము పుస్తకములు చెప్పెను. 2017లో వెలువడిన పరిశోధనలు అడుగునుండి వచ్చు నెట్రిన్ అంత అవసరము కాదనియు, తంతువులు నడచు దారిలోనే అంటియున్న నెట్రిన్ ముఖ్యమనియు తెలిపెను. పుస్తకములోని చిత్రము మరల గీయవలసివచ్చినది.

ఈ విద్య ఎందుకు?

కొందరు శిశువులు నొప్పి తెలియకుండ పుట్టుదురు. వారు తమ నాలుకను, వ్రేళ్లను కొరికికొందురు. ఎముక విరిగినను ఏడ్వరు. కాలిన గాయము వారికి తెలియదు. 1996లో జపాను శాస్త్రజ్ఞులు ఇట్టి వ్యాధిలో ఒకదానికి కారణము కనుగొనిరి. నాడీవృద్ధి కారకమును గుర్తించి అందుకొను ప్రోటీను యొక్క జన్యువులో లోపము ఉన్నది. పోషణ అందక నొప్పిని తెలుపు కణములు నశించును. నొప్పి మనకు శత్రువు కాదు, కావలివాడు అని ఆ తల్లిదండ్రులకంటె ఎక్కువగా తెలిసినవారు లేరు.

మరియొక వైపున, వెన్నుపాము తెగినవారున్నారు. చేతిలోనో కాలిలోనో తెగిన నాడి, అనుకూలించినచో, దినమునకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మరల పెరుగగలదు. వెన్నుపాములో తెగిన తంతువు అట్లు పెరుగదు. కహాల్ దీనిని తన జీవితకాలముననే గమనించి వ్రాసెను. 1981లో కెనడాలో డేవిడ్, అగ్వాయో అనువారు, బయటి నాడి ముక్కను వంతెనవలె అమర్చినచో వెన్నుపాములోని కణములును తంతువులను చాల దూరము పెంచగలవని చూపిరి. అనగా నడచు శక్తి ఆ కణములలో పూర్తిగా పోలేదు. దారియే వానికి అనుకూలముగా లేదు. ఇక్కడను రెండు విషయములు వేరుపడినవి. పిండములో ఏ గుర్తులు పిలిచినవో, ఏవి త్రోసివేసినవో తెలిసికొనుట చికిత్సకు ఆశ కల్పించుచున్నది. కాని నడక కోల్పోయిన రోగిని లేపి నడిపించు మందు మాత్రము ఈ విజ్ఞానమునుండి ఇంకను చేతికి రాలేదు.

దారి చూపునదేది అను ప్రశ్నకు సమాధానము ఒక్క మాటలో దొరకలేదు. దూరమునుండి పిలుచునవి, దగ్గరనుండి త్రోసివేయునవి, కాలికి తగులు చాలులు, మైలురాళ్లవంటి కణములు, ముందు నడచిన తంతువులు, ఇవి అన్నియు కలిసి దారి చూపుచున్నవి. హెన్సెన్ వంతెన మతము తప్పని తేలినది. కాని వైస్ చూచిన చాలులును నిజమే, కహాల్ ఊహించిన పిలుపును నిజమే. ఒకదానినే సర్వస్వమని అనుకొనినప్పుడు మాత్రమే పొరపాటు వచ్చినది. కోడిగ్రుడ్డును పొదుగబెట్టిన మూడు నాలుగు దినములకు, లోపలి పిండపు వెన్నుప్రక్కన ఈ తంతువులు బయలుదేరుచుండును. పొదిగెడు ప్రతి గ్రుడ్డులోను, ఎవరును చూడకున్నను, ఆ ప్రయాణము జరుగుచునే ఉన్నది.